జొన్నకంకి అంచుకు కోర్టు కట్టిన ధర

మెదక్ జిల్లా సిద్దిపేటలో కాపురముంటూ, చేనేత మీద బతుకుతున్న, అరవై నాలుగేళ్ల దూస నాగయ్య అనే నేను, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయించిన వీలునామా ఇది. ఒంట్లో ఆయాసముంది, బుద్ధిలో లోటు లేదు. అనుమానమున్నవాళ్లు జిల్లా కోర్టులో నేనిచ్చిన వాంగ్మూలం చదువుకోవచ్చు. బుద్ధి సరిగ్గా ఉండబట్టే ఆ రోజు నిజం చెప్పి నిండా మునిగాను.

1. నేనుంటున్న రెండు గదుల పెంకుటిల్లు నా భార్య దుర్గవ్వకు. ఆమె ఉన్నన్నాళ్లూ అమ్మమని ఎవరూ అడగకూడదు. దావా ఖర్చులకు ఆమె వెండి కడియాలు కుదువపెట్టి విడిపించలేకపోయాను. ఒక్కనాడూ నన్ను దెప్పలేదు, మహాతల్లి.

2. గుంట మగ్గం, దాని సరంజామా మొత్తం నా కూతురు అనసూర్యకు. మగ్గం ఆడపిల్లకేమిటని నోరెత్తేవాళ్లు ముందు ఆమెలా ఒక మూర నేసి చూపించాలి.

3. ఇక జొన్నకంకి అంచు సంగతి. 1989లో నాలుగు నెలలు గళ్ల కాగితం మీద కుస్తీపట్టి ఆ అంచు గీశాను. కొత్త అంచు ఏది నేసినా మొదటి చీర పోచమ్మ తల్లికి కట్టడం మా ఇంటి ఆనవాయితీ. ఆ ఏటి బోనాలకు కూడా అట్లాగే కట్టాం. ఆ చీరను నెత్తిన పెట్టుకుని డప్పుల ముందు నడిచింది నా తమ్ముడు పోచయ్య. మూడు నెలల తర్వాత, మా వాడ బడిపంతులు ఇశ్రాయేలు సారు చెబితే, డిజైను నా పేర రిజిస్టరు చేయమని కలకత్తాకు దరఖాస్తు పంపాను. సర్టిఫికెట్ వచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి అదే అంచు కరెంటు సాంచెల మీద నేసిన చీరల్లో, సగం ధరకు, బజారులో వేలాడింది. ఆ అంచు నేయడానికి నేను చిల్లులు కొట్టి పెట్టుకున్న జకార్డు అట్టలు సాంచెల యజమానికి మోసింది పోచయ్యే. నాయిన పోయేనాటికి వాడికి ఏడేళ్లు. మగ్గం గుంటలో నా పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పాను.

4. దావా వేశాను. నష్టం తేల్చడానికి కోర్టు ఒక లెక్కల ఆయనను పంపింది. మూడు తీర్ల లెక్క అన్నాడు: నాకు ఆగిపోయిన అమ్మకాలు, సాంచెలాయనకు మిగిలిన లాభం, లేదా అడిగి వాడుకుని ఉంటే అతడు నాకు ఇచ్చి ఉండే సొమ్ము. ఏ తీరున చూసినా ఎనభై వేలకు తగ్గలేదు. మూడో లెక్క విన్నప్పుడే నాకు దుఃఖం ఆగలేదు. తమ్ముడు అడిగి ఉంటే ఆ అట్టలు ఊరికే ఇచ్చేవాణ్ణి.

5. రిజిస్టరు కాకముందే లోకం చూసిన డిజైను చట్టానికి కొత్తది కాదట. ఆ మాట నాకు తెలియదు. అవతలి వకీలుకు తెలుసు. తెలియనిదల్లా బోనాల చీర సంగతి, అది పోచయ్య చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. “మా అన్ననే అడుగున్రి సారూ, అమ్మ పేరు మీద అబద్ధమాడడు” అన్నాడట. బోనులో నన్ను అడిగారు. “కట్టినం సారూ, మొదటి చీర అమ్మకే కట్టినం, ఊరంత చూసిన్రు” అన్నాను. అంతే, సర్టిఫికెట్ చెల్లలేదు. నష్టపరిహారం సున్నా. అవతలివాళ్ల ఖర్చులు కూడా నా మీదే పడ్డాయి. దొంగతనమైనా మరిచిపోదును. నా నిజాయితీ ఎంత గట్టిదో ఎరిగినవాడు దాన్నే పట్టుకుని నన్ను కొట్టాడు. ఇది మాత్రం మరవను.

6. సదరు చెల్లని సర్టిఫికెట్, దాని మీద నాకున్న హక్కులతో సహా, నా తమ్ముడు పోచయ్యకు. విలువ కోర్టు కట్టిందే కాబట్టి వాటా తగ్గిందని తగాదా పెట్టడానికి లేదు. వాడు నా పాడెకు భుజం పట్టకూడదు. దూరంగా నిలబడి ఏడిస్తే ఎవరూ వెళ్లగొట్టవద్దు.

7. నా సైకిలు రంగుల హనీఫ్ భాయికి. కంకిలో ఆ లేత పచ్చ కుదిరేదాకా పదకొండుసార్లు నూలు ముంచాడు. పేరూ అడగలేదు, పైసా అడగలేదు. “నీ అంచు నవ్వాలె నాగన్నా, గంతే” అన్నాడు.

8. సందూకులో అడుగున, గుడ్డలో చుట్టి, ఇంకో అంచు గీసిన కాగితం ఉంది. నేను తప్ప ఎవరూ చూడలేదు. అది అనసూర్యకు. వీలునామా అమలు చేసే బాధ్యత ఇశ్రాయేలు సారుది. ఆయన ముందుగా ఆ అంచును అనసూర్య పేర కలకత్తాలో రిజిస్టరు చేయించాలి. సర్టిఫికెట్ చేతికి వచ్చాకే మగ్గం ఎక్కించాలి. ఆ తర్వాతే పోచమ్మ తల్లికి చీర. దుర్గవ్వ ఒప్పుకోదు. “అమ్మకు కోపమొస్తదయ్యా, ముందుగాల అమ్మకే” అని ఇప్పటికే ఏడుస్తోంది. తల్లికి నా మనవి ఒకటే: నిన్ను వెనక నిలబెట్టిన దోషంలో నా భార్యకు గానీ నా బిడ్డకు గానీ భాగం లేదు. ఎవరికీ పంచకుండా నా పేరనే ఉంచుకున్న ఆస్తి అదొక్కటే.

సిద్దిపేట, 12 ఫిబ్రవరి 1995.

(సంతకం) దూస నాగయ్య

సాక్షులు:
గఫూర్, చాయ్ హోటల్
రాములవ్వ, పక్కింటి ఆమె, వేలిముద్ర