కూతవేటులో ఎవరూ లేని ఇల్లు

ఏవండీ,

భోజనం టేబుల్ మీద పెట్టాను. మధ్యాహ్నం ఇళ్ళ ఏజెంటు ఫోన్ చేస్తాడు. మనం వెళ్ళేది ఆ రెండు దేశాల్లో ఏదో ఇంకా తేల్చుకోలేదని చెప్పండి, తొందరపడి ఊఁ కొట్టకండి.

పన్నులు తక్కువనీ, పిల్లకి బడి దగ్గరనీ మీరు ఆ కొండమీది బంగళా మీదే మనసు పారేసుకున్నారు. కనుచూపు మేరలో ఇంకో ఇల్లు లేదని ఏజెంటు గొప్పగా చెప్తుంటే నాకు మన గొడవలే గుర్తొచ్చాయి. ఇక్కడ మనం గొంతు పెంచినప్పుడల్లా పై ఫ్లోరు అక్కయ్య ఏదో వంకతో బెల్లు కొడుతుంది. ఆవిడ ముందు నవ్వుమొహం పెట్టి, ఆ నవ్వులోనే రాజీ పడిపోతాం. అక్కడ బెల్లు కొట్టేదెవరు? ఇరుకైనా సరే, రెండో దేశంలో గోడకి గోడ ఆనుకున్న ఇల్లే చూద్దాం.

తా.క. అక్కయ్య నిన్న ఊళ్ళో లేదు. చూశారుగా, ఇవాళ మాటలు మానేసి చీటీలు రాసుకుంటున్నాం.