పిండి మిషనుకు కట్టిన ముడుపు

హనుమకొండ

అవ్వకు సంపత్ దండాలు. మేం మంచిగనే ఉన్నం, ఫికర్ చెయ్యకు. ఫోన్ల నీకు వినవడదని కార్డు రాస్తాన.

బేకరీల పిండి కలిపే మిషను పావుగంటకోసారి ఆగిపోతాంది. మోటరు మార్చిన, వైర్లు మార్చిన, అదే కత. మోటరు వేగం చూసుకునే డ్రైవ్ డబ్బా వేడెక్కుతాందట. నువ్వు ఎల్లమ్మకు మొక్కి దానికి కట్టిన కొబ్బరికాయ ముడుపు గాలి బొక్కలకు అడ్డమున్నదని మెకానిక్ అన్నడు. జర జరుపుదామంటే నీ కోడలు ముట్టనిస్తలేదు.

బర్రె ఈనిందా? మోకాళ్ల గోలీలు ఉన్నయా?

బేకరీ మంచిగ నడిచినంకనే ముడుపు ఇప్పాలంటివి. ఇప్పితేనే బేకరీ నడిచేటట్టుంది. నాకేం సమజైతలేదవ్వా. ఏం జెయ్యాల్నో జల్ది రాయించు. అప్పటిదాక నీ కోడలు, నేను పిండి చేతులతోనే పిసుకుతాం.

నీ కొడుకు
సంపత్