పదహారు అంగుళాల దారి

సెప్టెంబర్ 2, సోమవారం

సెలవు రోజని అక్క కూతురు ట్రూడీ భోజనానికి వచ్చింది. హాట్‌డిష్, అంటే మాంసం, బంగాళాదుంపలు కలిపి ఓవెన్లో చేసే మా ఊరి వంటకం, రెండు ముద్దలు తిన్నదో లేదో బ్యాగులోంచి కాగితాలు తీసింది. పట్నంలో పెద్దవాళ్ళ హోమ్‌లో అక్టోబర్ ఒకటిన గది ఖాళీ అవుతుందట. అమ్మ ఒక్క సంతకం పెడితే చాలట. ఆ 'చాలు' అన్న మాటకి నాకు ఒళ్ళు మండింది.

ఆర్డిస్ అక్కకి డెబ్బై ఒకటి. మార్చిలో టెక్సస్ నించి తిరిగొచ్చిన వారంలోనే మంచు మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. అప్పట్నించీ వాకరే. వాకర్ ఉన్నా మా హాల్లో రెండుసార్లు పడింది. పెద్ద హాలు, నడిమధ్యలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. పదకొండేళ్ళుగా మిన్నెసోటా చలి మొదలవగానే మేమిద్దరం మంచం, వంటగట్టు, బాత్రూమ్ అన్నీ ఉన్న ట్రైలర్‌ని బండి వెనక తగిలించుకుని టెక్సస్ పోతున్నాం. ఈ ఏడాది ఆ మాటే ఎత్తొద్దంది ట్రూడీ. ఆ ఎత్తు మంచం అమ్మ ఎక్కగలదా, వాకర్ పట్టని దారిలో బాత్రూమ్‌కి ఎలా వెళ్తుంది అని అడిగింది. అడిగినదాంట్లో తప్పు లేదు. అందుకే ఇంకా మండింది.

నోరు జారాను. మూడు వారాల్లో మీ అమ్మ ట్రైలర్ మంచం మీంచి లేచి తనంతట తను బాత్రూమ్‌కి వెళ్తుంది, వెళ్ళలేకపోతే సంతకానికి పెన్ను నేనే ఇస్తాను అన్నాను. ట్రూడీ వెంటనే ఇరవై ఒకటో తారీకు, శనివారం అని ఫోన్లో రాసుకుంది. అక్క మాత్రం హాట్‌డిష్ మళ్ళీ వడ్డించుకుంది.

సెప్టెంబర్ 3

ట్రైలర్‌లోని భోజనాల బల్ల, రెండు బెంచీలు పీకి బయట పడేశాను. ఇక వెనకడుగు లేదు.

సెప్టెంబర్ 5, గురువారం

ట్రైలర్ ఉండేది పక్కింటి రోలండ్ షెడ్డులో. రోజంతా అక్కడే టేపు పట్టుకుని పాకాను. ఇరవై రెండడుగుల డబ్బా. వంటగట్టు ఉన్న గోడ సొరుగులా బయటికి జరుగుతుంది. స్లైడ్ అంటాం. అది బయటికి పోతే మధ్యలో నలభై అంగుళాల దారి. అక్క వాకర్ వెడల్పు ఇరవై మూడు.

బల్ల తీసేసిన చోట, బాత్రూమ్ పక్కనే, పొట్టి మంచం కడతాను. అక్క మోకాలి ఎత్తు. కింద సొరుగులు. ఇరవై తొమ్మిదేళ్ళు స్కూలు వంటగదిలో పనిచేశాను. కారు షెడ్డంత గదిలో మూడొందల మంది పిల్లలకి వండినదాన్ని. చోటు లేదు అనే మాట నా దగ్గర చెల్లదు.

సెప్టెంబర్ 8, ఆదివారం

రోలండ్ రంపం అడగ్గానే ఇచ్చాడు, దాంతోపాటు అడగని సలహాలు కూడా ఇచ్చాడు. ఈ గోడలు అట్టముక్కలనీ, స్క్రూ బిగిస్తే గోడతో సహా ఊడొస్తుందనీ. మా ఊళ్ళో ఎవరూ 'బాగాలేదు' అనరు. సగం కట్టిన నా మంచాన్ని కిందా మీదా చూసి 'అదో రకంగా ఉంది' అన్నాడు. అంటే ఘోరంగా ఉందని. కాఫీ పొయ్యకుండా పంపేశాను.

సెప్టెంబర్ 11

మంచం అయింది. తలవైపు అక్క బట్టలకి సన్నటి అలమర కూడా కట్టాను. మంచం కంటే పదహారు అంగుళాలు ముందుకొచ్చింది. అక్కడ దారి ఇరవై నాలుగు. వాకర్ పడుతుంది, ఇంకో అంగుళం మిగులు.

ఇంత చేస్తే అక్క ఏమందో తెలుసా? తడి తువ్వాళ్ళు ఎక్కడ ఆరేసుకుంటాం అంది.

సెప్టెంబర్ 12

తువ్వాళ్ళు, తువ్వాళ్ళు, తువ్వాళ్ళు. సరే. పై అరల కింద, మంచం పొడుగునా బాత్రూమ్ దాకా గుండ్రటి కర్ర రాడ్ వేశాను. గోడ తట్టి తట్టి, లోపల చెక్క ఉన్నచోటే కన్నాలు పెట్టి, బోల్టులు బిగించాను. తువ్వాళ్ళకి బోల్టులెందుకని రోలండ్ నవ్వాడు. గోడ అట్టముక్క అన్నది నువ్వే కదా అన్నాను. కోపం మీద రెండు బోల్టులు ఎక్కువే వేశాను.

సెప్టెంబర్ 15, ఆదివారం

అక్కని షెడ్డుకి తీసుకెళ్ళాను. వాకర్‌తో మంచం దాకా, మంచం మీంచి బాత్రూమ్ తలుపు దాకా. ఒక్కచోట తూలింది. కానీ పడలేదు. ఇద్దరికీ ఐస్‌క్రీం పెట్టాను. అక్కకి రెండోసారి.

సెప్టెంబర్ 20, శుక్రవారం

ఇది రాయడానికి కూడా సిగ్గుగా ఉంది.

రేపు ట్రూడీ వస్తుంది కదా, ట్రైలర్‌ని మా ఇంటి ముందుకు లాగుదాం అనుకున్నాను. లాగాలంటే స్లైడ్ లోపలికి రావాలి. బటన్ నొక్కాను. సగం పైగా వచ్చింది, టప్పున ఆగింది. మోటారు ఏడ్చినట్టు అరిచింది. కాలిన వాసన వచ్చింది.

నా అలమర. వంటగట్టు వచ్చి నేను కట్టిన అలమరకి గుద్దుకుంది. మూడు వారాలు స్లైడ్ తెరిచే ఉంచి కొలిచాను. మూసినప్పుడు ఎక్కడిదాకా వస్తుందో ఒక్కసారీ కొలవలేదు. పదకొండేళ్ళుగా ఆ బటన్ నొక్కుతున్నదాన్ని.

ఇప్పుడది ముందుకీ పోదు, వెనక్కీ పోదు. చేత్తో తిప్పే కడ్డీ కూడా తిరగలేదు. కొత్త మోటారు రావడానికి వారం పడుతుందన్నాడు రోలండ్. పాపం, ఈసారి నవ్వలేదు. మంచం పక్కన మిగిలిన దారి పదహారు అంగుళాలు. వాకర్ అడ్డంగా పెట్టినా పట్టదు.

షెడ్డులో పడేసిన బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. ఇంటికొచ్చి, ట్రూడీని వారం గడువు అడుగుతానని అక్కతో అన్నాను. అక్క కాఫీ కప్పు కింద పెట్టింది.

"వారం అడిగితే ఓడిపోయినట్టే, లవాన్. రేపే రమ్మను."

సెప్టెంబర్ 21, శనివారం, మధ్యాహ్నం మూడు

ట్రూడీ వచ్చి వెళ్ళింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

షెడ్డుకి ముగ్గురం వెళ్ళాం. ట్రూడీ లోపలికి తొంగిచూసి, ఇందులో పిల్లి కూడా పట్టదు పిన్నీ అంది. పెన్ను జేబులోనే ఉంది. మాట మాటే కదా అని తెచ్చుకున్నాను.

అక్క మెట్టు దగ్గర వాకర్ వదిలేసింది. ట్రూడీ కంగారుగా అది అందుకోబోతే చేత్తో ఆపింది. తలుపు పిడి పట్టుకుని ఎక్కింది. ఒక పక్కకి తిరిగి ఆ సందులో దూరింది. ఒక చెయ్యి నా తువ్వాళ్ళ రాడ్ మీద, ఇంకో చెయ్యి వంటగట్టు అంచు మీద. అటు తూలితే నడుం వంటగట్టుకి ఆనింది, ఇటు తూలితే మోకాలు మంచానికి ఆనింది. ఎటు ఒరిగినా ఏదో ఒకటి ఆపుతోంది. మంచం దాకా వెళ్ళింది. కూర్చుంది, పడుకుంది. మొండిగా కళ్ళు కూడా మూసుకుంది. మళ్ళీ లేచింది. రాడ్ పట్టుకుని, చెయ్యి తర్వాత చెయ్యి వేసుకుంటూ బాత్రూమ్‌లోకి వెళ్ళి మా మొహం మీదే తలుపు వేసుకుంది.

రాడ్ కిర్రుమని కూడా అనలేదు.

ఇంట్లో వాకర్ ఉండి కూడా పడుతుంది కదా, ఇక్కడెలా నడిచింది అని ట్రూడీ నన్ను అడిగింది. జవాబు తలుపు వెనకనించి వచ్చింది.

"ఇంట్లో పడ్డానికి చోటుందే అమ్మాయ్. ఇక్కడెక్కడుంది?"

మూడు వారాలు నేను అక్కకి చోటు చెయ్యాలనే చూశాను. చోటే అక్కని పడేస్తోందని నాకు తట్టలేదు. తెలివి నాది కాదు, అలమరది.

ట్రూడీ లోపలికి వంగి ఆ రాడ్‌ని గట్టిగా లాగి చూసింది. చివరికి 'అదో రకంగా ఉంది' అంది. నేను నవ్వేశాను, అదీ నవ్వింది. కాగితాలు చింపలేదు. మడిచి బ్యాగులో పెట్టుకుంది. రోజూ సాయంత్రం ఫోన్ చెయ్యాలట. చేస్తాను.

సెప్టెంబర్ 29

మోటారు మార్చాం. అలమర రంపంతో కోసి తీసేశాను, బాధేమీ కలగలేదు. నేల మీద ఎర్ర టేపు అంటించాను. ఎక్కడ ఆగినా స్లైడ్ ఆ టేపు దాకానే తెరవాలి. పదహారు అంగుళాలు. నలభై ఉండగా ఎందుకు వదులుకోవడం అని రోలండ్ అడిగాడు. ఇది అక్క కొలత అన్నాను.

అక్టోబర్ 17, టెక్సస్

తువ్వాళ్ళు రాడ్ మీద వెయ్యనివ్వడం లేదు అక్క. అది తన దారట. వాకర్‌ని బయట ఎండలో నిలబెట్టాను. దాని మీద నాలుగు తువ్వాళ్ళు పట్టాయి. అక్క షికారుకి వెళ్ళాలంటే అవి ఆరేదాకా ఆగాలి.