ఉరుకుందమ్మ హాజరు

హుసేనక్కకు, చెల్లెలు మాబున్ని సలాము. నువ్వు, బావ, పిల్లలు అంతా కులాసాయేనా? అమ్మ మోకాళ్లు ఎట్లా ఉన్నాయి? నేను పంపిన నూనె రాస్తోందా, లేక సీసా అలమారలో దాచిపెట్టి "తగ్గిందిలే" అంటోందా? ఆమె మాట నమ్మొద్దు, నువ్వే దగ్గర కూర్చుని రాయి. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. వేళకు తింటున్నాను. నాకేం కాలేదు. అది ముందు మనసులో పెట్టుకుని మిగతాది చదువు.

మొన్న ఫోన్లో "ఏమే, గొంతు అట్లుండాది?" అని అడిగావు. జలుబు చేసిందన్నాను. జలుబు కాదక్కా. చెప్పాలనే నోరు తెరిచాను, అమ్మ నీ పక్కనే ఉందేమోనని ఆపేశాను. ఇంకో సంగతి కూడా ఉంది. ఈ మధ్య నాకు ఫోన్లో మాట్లాడాలంటేనే భయంగా ఉంది. ఒకచోట అన్న మాట ఎక్కడికి పోయి మోగుతుందో తెలియడం లేదు. కాగితమైతే నువ్వు ఒక్కదానివే చదువుతావు. మా హెడ్మాస్టరు సారు రేపు రైల్లో కడపలో కూతురింటికి పోతున్నారు. దారిలో కమలాపురంలో దిగి ఇది నీ చేతికే ఇస్తానన్నారు. ఆయనకు కడుపునిండా అన్నం పెట్టి పంపు.

ఆదోని దాటి ఇంత దూరం ఉద్యోగం పడిందని అమ్మ ఏడ్చింది గుర్తుందా? ఊరు చెడ్డది కాదు. ఎండ మాత్రం మన దగ్గరకన్నా ముందే మొదలైంది. మిట్టమధ్యాహ్నం వీధిలో కుక్క కూడా కనపడదు. నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. మాటలో కన్నడం కలుస్తుంది, డబ్బులను దుడ్లు అంటారు. పొద్దున బొరుగుల ఉగ్గాని, రాత్రికి జొన్నరొట్టె. రొట్టె తట్టడం ఇంకా రాలేదు, నాది ఎప్పుడూ మధ్యలో చినుగుతుంది. ఇంటి అవ్వ చూసి నవ్వి, తను చేసిన రెండు రొట్టెలు నా గిన్నెలో వేసి పోతుంది. ఆ అవ్వ ఇంట్లోనే ఒక గది అద్దెకు తీసుకున్నాను. మంచి మనిషి. అదే ఇప్పుడు నాకు ఎక్కువ భయంగా ఉంది.

ఎందుకో చెబుతాను. ఇక్కడ సంక్రాంతి దాటిందంటే సగం ఊరు సుగ్గికి పోతుంది. అంటే పనులు వెతుక్కుంటూ గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి వలస పోవడం. ఇంటికి తాళం, వాకిట్లో ముసలివాళ్లు. బడికి పోయే పిల్లల్ని కూడా వెంట తీసుకుపోతారు. వాళ్లందరినీ లారీలో ఎక్కించుకుని పోయి, అక్కడ పని చూపించే మనిషిని మేస్త్రి అంటారు. మా అవ్వ కొడుకే ఈ ఊరి మేస్త్రి.

నేను ఐదో తరగతి చెబుతున్నాను. జనవరి పోయేసరికి గదిలో సగం ఖాళీ. పేరు పిలిస్తే ఎవరూ పలకరు. మా బడికి ఒక పెద్ద ప్యానెల్ ఇచ్చారు, వేలితో తాకితే రాసేది, బొమ్మలు చూపేది. పిల్లలు దాన్ని టీవీ అంటారు. మొదట్లో నాకూ భయమే, పగలగొడతానేమోనని చున్నీ కొసతో తుడిచేదాన్ని. తర్వాత అలవాటైంది. దాన్ని చూసే నాకు ఒక ఆలోచన వచ్చింది. సుగ్గికి పోయిన పిల్లలకు నా ఫోన్ నుంచి పాఠం పంపుతాను. వాళ్లు సాయంత్రం పని అయ్యాక నాన్నల ఫోన్లో చదివి, ఆ గొంతు రికార్డు చేసి నాకు పంపాలి. మరుసటి రోజు పొద్దున నా ఫోన్ ప్యానెల్‌కు కలిపి, పేరు పిలిచి, ఆ గొంతు గదిలో వినిపిస్తాను. పిల్లలంతా "వచ్చింది టీచర్!" అని అరుస్తారు. అదీ హాజరు.

అక్కా, ఆ రోజుల్లో నన్ను చూసుంటే నవ్వేదానివి. గాల్లో నడిచాను. దూరాన మిరప చేలో ఉన్న పిల్ల ఇక్కడ బెంచీ మీద కూర్చున్నట్టే ఉండేది. వెనక చిలకలు, ట్రాక్టరు, పొయ్యి మీద చిటపటలు, అన్నీ వినపడేవి. అందరిలోకీ బాగా చదివేది ఉరుకుందమ్మ. బక్కపిల్ల, గొంతు మాత్రం ఖంగుమంటుంది. ప్రతి చదువు చివరా వాళ్లమ్మ నాగమ్మ ఫోన్ దగ్గరికొచ్చి "బాగ సదివిందా టీచరమ్మా? తప్పులుంటే బెత్తంతో కొట్టండి!" అనేది. ఆ మాటకు తరగతి తరగతంతా నవ్వేది. నాగమ్మకు అక్షరం రాదు. కానీ కూతురు చదివినంతసేపు పక్కనే కూర్చునేది.

ఇప్పుడు భయపడిన సంగతి. పోయిన వారం ఉరుకుందమ్మ గొంతు వచ్చింది. ముందుగా నేనొక్కదాన్నే వినాలి కదా? వినలేదు. ఆ పొద్దున కరెంటు ఆలస్యంగా వచ్చింది, తొందరలో నేరుగా ప్యానెల్‌లో పెట్టేశాను. పిల్ల వాన పాఠం సగం చదివి ఆపేసింది. తర్వాత మెల్లగా అంది: "టీచర్, అమ్మకు జరం. లేయలేకుండా ఉండాది. ఊరికి పోతామంటే మేస్త్రి పోనీయడంల్యా. పనికి రాకుంటే బువ్వ ల్యాదన్యాడు." గది నిండా మోగింది. నేను పరిగెత్తి ఆపేలోపే అందరూ విన్నారు. ఆ రోజు "వచ్చింది టీచర్" అని ఒక్కరూ అనలేదు.

పిల్లలు మధ్యాహ్నం ఇళ్లకు పోయారు. విన్నది ఇంట్లో చెప్పకుండా ఉంటారా? సాయంత్రం నేను గది తాళం తీస్తుంటే అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. "ఏం టీచరమ్మా, మా వాని మాట బడిలో టీవీలో మోగుతాండాదంట?" అంది. కోపంగా కాదు, మామూలుగానే అడిగింది. పిల్ల ఏదో తెలియక అంది అవ్వా అన్నాను. "మా వాడు చెడ్డోడు గాదు. శానామంది కడుపు నింపుతాండాడు. ఊరి సంగతులు యాడివి ఆడ ఉంటే బాగుంటాది" అని లేచి లోపలికి పోయింది. కాసేపటికి గోడ అవతల ఫోన్లో కొడుకుతో మాట్లాడడం వినపడింది. ఉరుకుందమ్మ నాన్న పేరు వినపడింది. తర్వాత ఎప్పటిలాగే రెండు రొట్టెలు తెచ్చి నా గిన్నెలో వేసింది. ఒక్క ముక్క మింగలేకపోయాను.

ఆ రోజు నుంచి ఉరుకుందమ్మ గొంతు రాలేదు. వాళ్ల నాన్న ఫోన్ స్విచ్చాఫ్. మిగతా పిల్లల గొంతులు కూడా ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఒకాయన బండి మీద బడి గేటు దాకా వచ్చి, వంటామెను "కొత్త టీచరమ్మది ఏ ఊరు?" అని అడిగి పోయాడంట. అడిగితే అడిగాడు, దానికే ఇంత భయమా అంటావు. నిజమే. కానీ తలుపు గడియ వేసి, దానికి పెట్టె అడ్డం పెడుతున్నాను. నాకేం కాదులే. నా భయం నా గురించి కాస్తే, ఆ పిల్ల గురించి కొండంత. నా ప్యానెల్ సరదాకు దాన్ని ఎవరైనా కొట్టారేమో, వాళ్లమ్మకు మాత్రైనా ఇచ్చారో లేదో! నేను ఆ గొంతు గదిలో పెట్టకుండా ఉంటే వాళ్ల నాన్న చేతిలో ఫోనైనా ఉండేది కదక్కా.

సారుతో చెబితే మొదట "ఊరి సంగతుల్లో మనకెందుకు తల్లీ" అన్నారు. మర్నాడు ఆయనే పిలిచారు. ఆయనకూ నిద్ర పట్టినట్టు లేదు. "నేరుగా ఫిర్యాదు చేస్తే మేస్త్రికి ముందే తెలుస్తాది. గుడారాలు పీకి వేరే యాడికో మార్చేస్తాడు. ముందు మనోళ్లు ఎవరన్నా పోయి ఆమెను ఆస్పత్రిలో చేర్పించాల. ఆ తర్వాత ఫిర్యాదు మీద మొదటి సంతకం నాది" అన్నారు. అప్పుడు బావ గుర్తొచ్చాడు.

ఇక్కడిదాకా రాసి, పొయ్యి మీద బియ్యం పెట్టుకుంటుంటే ఫోన్ చప్పుడైంది. తెలియని నంబరు. ఉరుకుందమ్మ గొంతు! ఫోన్ చెవికి అదుముకుని, దుప్పటి తల మీద కప్పుకుని విన్నాను, గోడ అవతల అవ్వ ఉంది కదా. పిల్ల వాన పాఠం మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఖంగుమనే గొంతు కాదు, గుసగుసగా చదివింది. ఒక్క తప్పు పోలేదు. మేస్త్రి మాట లేదు, జ్వరం మాట లేదు. నేను వద్దని చెప్పకుండానే నేర్చుకుంది.

పాఠం అయిపోయాక వెంటనే ఆపలేదక్కా. కాసేపు అట్లాగే ఉంచింది. వాళ్లమ్మ మాట్లాడే చోటు అది. గాలి చప్పుడు, దూరంగా ఏదో బండి. ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు ఆపేసింది.

అది ఎన్నిసార్లు విన్నానో తెలియదు. తిరిగి ఆ నంబరుకు చేయాలని వేలు పోతుంది, వెనక్కి తీసుకుంటాను. ఎవరి ఫోన్ అడిగిందో, ఎవరు ఎత్తుతారో! ఇంకోసారి నా వల్ల దానికి దెబ్బ తగలకూడదు.

బావ లారీలో పసుపు లోడుతో ఎల్లుండి గుంటూరు వైపు పోతాడన్నావు కదా. ఆ పొలం ఉన్న ఊరి పేరు ఉరుకుందమ్మే మొదటివారం బస్సు బోర్డు చూసి చదివి పంపింది. దారి గుర్తులు కూడా చెప్పింది. అన్నీ వేరే చీటీ మీద రాసి ఇందులో పెట్టాను. బావను అక్కడికి పొమ్మనక్కా. ఒంటరిగా వద్దు, క్లీనర్‌ను వెంట తీసుకుపొమ్మను. గొడవ పెట్టుకోవద్దు. నాగమ్మకు పిన్నమ్మ కొడుకునని చెప్పుకోమను. ఆమెను లారీలో ఎక్కించి ఆస్పత్రికి తీసుకుపొమ్మను, పిల్లనూ వదలొద్దు. బావను నేనెప్పుడూ ఏదీ అడగలేదు. నువ్వు అడిగినట్టు అడుగు.

నేను రేపు బడికి పోతాను. ఉరుకుందమ్మ పేరు పిలుస్తాను. గొంతు వినిపించను. "వచ్చింది" అని నేనే చెప్పి హాజరు వేస్తాను. పిల్లలు నమ్ముతారో లేదో.

అమ్మకు ఇదేమీ చదవొద్దు. ఎండలు, రొట్టెలు చదివి వినిపించు, చాలు. అత్తమ్మకు, మామకు నా సలాములు చెప్పు. పిల్లలకు ముద్దులు. నమాజులో మా అందరి కోసం దువా చేయమని మామను అడుగు, పేర్లు చెప్పక్కర్లేదు.

బావ అక్కడికి చేరాక నాకు పెద్దగా ఏమీ చెప్పక్కర్లేదక్కా. ఫోన్ కలిపి నాగమ్మ నోటి దగ్గర పెట్టమను. "బాగ సదివిందా టీచరమ్మా" అని ఆమె అడిగితే చాలు. బాగా చదివిందని నేను చెప్పుకోవాలి.

నీ నీడలో పెరిగిన చెల్లెలు,
మాబున్ని