అడగని అవుట్లు మూడు

క్రాగ్‌డేల్, సోమవారం, 8 జూన్ 1908

కౌంటీ క్రికెట్ జట్టు కెప్టెన్ ఆస్ట్‌బరీ దొరగారికి, చెప్పులు కుట్టి, ఆదివారాలు చర్చిలో వాక్యం చెప్పుకునే జాబెజ్ ఆక్‌రాయిడ్ హెచ్చరికతో కూడిన నమస్కారాలు.

స్వర్గానికి రెండు గేట్లున్నాయా అయ్యా? జీతం తీసుకోకుండా ఆడే మీ దొరలకొకటి, జీతానికి ఆడేవాళ్లకొకటి? మీ మైదానానికైతే ఉన్నాయి. శనివారం, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఆట చూశాను, మీ జట్టులోకి మనుషుల్ని ఎంచడానికి పెట్టిన ఆట. మా బావమరిది ఎనోక్ వేసిన బంతి మూడుసార్లు, సరిగ్గా వికెట్ల ముందు, మీ కాలికే తగిలింది. చూసేవాళ్లంతా "అవుటే!" అన్నారు. అంపైర్ మాత్రం బైబిల్లో ఉప్పుస్తంభమైపోయిన లోతు భార్యలా నిలబడ్డాడు. మీరు నూరు పరుగులు చేసుకున్నారు. మావాడి పేరు జట్టులోంచి కొట్టేశారు. పదిహేనేళ్లుగా గనిలో బొగ్గుదుమ్ము మింగుతున్నవాడు. పైకి రావడానికి వాడికున్న నిచ్చెన ఆ బంతి ఒక్కటే.

మీ మారుమనస్సు కోరే,
జాబెజ్

తా.క. మీ నాన్నగారిది బీరు కాచే వ్యాపారమట. ఇంకేం చెప్పాలి!

*

బుధవారం, 10 జూన్

ఆక్‌రాయిడ్ గారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, రెండోసారి లేచి నిలబడి. అంపైర్ని తిట్టకండి. బౌలింగ్ జట్టువాళ్లు "ఎలా ఉంది?" అని కేకేసి అడిగితేనే ఆయన వేలెత్తాలి. కాలికి తగిలినప్పుడు అడగాల్సింది బౌలరే. ఎనోక్ ఒక్కసారీ అడగలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఏమయ్యా, గొంతు పోయిందా?" అన్నాను. "లేదు దొరా" అని నవ్వాడు. కెప్టెన్ని మంచి చేసుకోవాలని వదిలేస్తున్నాడనుకున్నాను. ఒళ్లు మండి, పేరు నేనే కొట్టేశాను.

పన్నెండు వేసవులు ఆడాను. మొదటి నూరు ఇదే. సెప్టెంబరు నుంచి నాన్నగారి కంపెనీలో కూర్చోవాలి, ఇక ఆట లేదు. ముసలితనంలో ఈ నూరు చెప్పుకుని బతుకుదామనుకున్నాను. ఒకడు పడేసిన భిక్షని ఏమని చెప్పుకోను? ఎందుకిలా చేశాడో మీరే అడగండి.

భవదీయుడు,
ఆస్ట్‌బరీ

తా.క. బీరు సంగతి నిజమే. నాకు మాత్రం అది పడదు. నాన్నగారికి తెలియనివ్వకండి.

*

శనివారం, 13 జూన్, ఉదయం

దొరగారికి, తలవంచిన జాబెజ్ రాసేది.

అడిగాను. వాడు నేల చూపులు చూస్తూ అన్నాడు కదా: "కోప్పడకు బావా. ఆటకి ముందు ఆదివారం ప్రసంగంలో బల్ల గుద్ది చెప్పింది నువ్వేగా, 'అతడు కేకలు వేయడు, అరువడు' అని? గంటన్నర చెప్పావు. నన్నే చూస్తూ చెప్పావు."

"నిన్ను కాదురా, నీ వెనక గురకపెడుతున్నవాణ్ణి!"

మా ఆవిడ పొయ్యి దగ్గర్నుంచే అంది: "ఇరవై ఏళ్లకి ఒక్కడు నీ ప్రసంగం విన్నాడు. వాడి నోటికాడి కూడు తీశావు."

నేరం మీది కాదు, వాడిదీ కాదు. నేనే బైబిల్లో యెషయా మాట పట్టుకుని మత్తయి మాట వదిలేశాను. "అడుగుడి, మీకియ్యబడును." రెండు రోజులుగా వాణ్ణి కొండెక్కించి "ఎలా ఉంది?" అని అరిపిస్తున్నాను. గొర్రెలు పక్క ఊరికి పోయాయి.

ఇవాళ మధ్యాహ్నం రెండింటికి ఆఖరి ఎంపిక ఆటట కదా. మీరే బ్యాట్ పట్టి వాడి ఎదుట నిలబడండి. ఈసారి వచ్చే పరుగు ఒక్కటైనా సరే, అది భిక్ష కాదు. ముసలితనంలో అది చెప్పుకోండి.

మీ తోటి పాపి,
జాబెజ్

తా.క. ఉత్తరం తెచ్చినవాడు ఎనోకే. మీ గుమ్మంలో నిలబడి ఉంటాడు, లోపలికి రమ్మంటే తప్ప రాడు. అడగడం వాడికింకా కొత్త. రేపు ఆదివారం, ఆట ఉండదు. కాగితం పక్కన పెట్టి లేవండి దొరా, బంతి వాడి చేతిలో పెట్టండి. ఇవాళే!