బ్రేకు మీద చెక్క

నాయనా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. నీ లారీ బొమ్మ నిన్నటితో పూర్తయిందనుకున్నాను. ఉదయగిరిలో నేను గరిటెలు చెక్కగా మిగిలిన కలివి చెక్కతోనే చేశాను. మూరెడు కూడా ఉండదు. పగిలిన కుడి అద్దానికి నువ్వు చుట్టిన నల్ల టేపు, సీటు మీద పరిచే ఎర్ర తువ్వాలు, వెనక తలుపుకి గొళ్లెం ఊడిపోతే కట్టిన తాడు, ఏదీ మరవలేదు.

పొద్దున ఆత్మకూరు తీసుకెళ్లి నీ క్లీనరు శీనయ్యకు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని, గోటితో డ్రైవరు వైపు తలుపు తెరిచి, చాలాసేపు లోపలికి చూశాడు.

"అంతా బాగుండాదమ్మా. బ్రేకు మీద చెక్క ఏదీ?" అన్నాడు.

ఏం చెక్క అని అడిగాను.

"మీ నాయన పొట్టోడు గదా, బ్రేకుకి కాలు అందేది కాదు. పెడలు మీద ఇంత చెక్క ముక్క కట్టుకున్నాడు. ఎవురికీ చెప్పబాకరా అన్నాడు నాతో."

చిన్నప్పుడు ఎంత ఏడ్చినా నన్ను డ్రైవరు సీటు ఎక్కనిచ్చేవాడివి కాదు. నాకన్నా లారీయే నీకు ముద్దని అలిగి, ఒకసారి దుత్తలూరు దాకా నీతో మాట్లాడలేదు. నువ్వు నవ్వి ఊరుకున్నావు.

ఇంటికొచ్చి బియ్యపు గింజంత ముక్క చెక్కాను. మూడుసార్లు జారిపోయి, నాలుగోసారి పెడలు మీద నిలిచింది. తర్వాత తలుపు మూసి జిగురు పెట్టేశాను.

చూడ్డానికి వచ్చినవాళ్లు ఈ తలుపు తెరుచుకోదా అని అడుగుతారు. తెరుచుకోదని చెబుతాను.