చుక్కల పుస్తకం మీద ఏమీ పెట్టకు

ఎఫ్రాయిన్, ఉడికించిన మొక్కజొన్న గింజల మోతే పొయ్యి మీద ఉంది. గుడ్డు కొట్టి కలిపి, వేడి చేసుకుని తిను. బల్ల మీదున్న అమ్మ బ్రెయిలీ పుస్తకం మీద నీ బస్సు డ్యూటీ సంచీ పడేయకు, చుక్కలు అణిగిపోతాయి. దాన్ని లైబ్రరీకి తిరిగి ఇచ్చేయమన్నావు కదా, ఇవ్వడం లేదు.

నిన్న సాయంత్రం మళ్లీ కరెంటు పోయింది. పుస్తకాలు చదివి వినిపించే పెట్టె కథ మధ్యలో ఆగిపోయింది. నేను కొవ్వొత్తి కోసం తడుముకుంటూ, కుర్చీ తగిలి తిట్టుకుంటున్నాను. అంతలో చీకట్లోంచి అమ్మ నవ్వు వినిపించింది.

“ఏమైందమ్మా?” అన్నాను.

“ఉండవే, చదువుకుంటున్నా. ఈ ముసలాడు దొంగచాటుగా గాడిదను అమ్మబోయి పెళ్లానికి దొరికిపోయాడు!”

కొవ్వొత్తి వెలిగించి చూస్తే ఒళ్లో పుస్తకం, వరుస వెంట మెల్లగా పాకుతున్న వేళ్లు. చూపు పోయాక అమ్మ తనంతట తాను చదువుకుని నవ్వడం ఇదే మొదలు. పైకి చదవమని బతిమాలాను. కొవ్వొత్తి ఆర్పేసి, పక్కన కూర్చుని, చిన్నపిల్లలా విన్నాను.

“ఈ వయసులో అక్షరాలేంటి, వేళ్లు మొద్దుబారిపోయాక” అని ఆ రోజు వంటింట్లో అన్నావు. అమ్మ విన్నదిరా.

నేను బేకరీకి వెళ్తున్నాను. లైబ్రరీ నుంచి ఆ పుస్తకం రెండో భాగం నువ్వే తెచ్చిపెట్టు.

అక్క నార్సిసా

మరిచాను. నీకూ చదివి వినిపిస్తానంది. ఒక్కో మాట దగ్గర చాలాసేపు ఆగుతుంది. నువ్వు ఊహించి అందించకు. ఆమే చదువుతుంది.